మన్సూరాబాద్ రివాల్వరు, తేనెరంగు

భానుమూర్తిగారు పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఆ సంగతి దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన భార్య అమ్మాజీకి తెలుసు, పాత ఆయుధాలు పోగుచేసే పెద్దమనుషులకు ఇంకా బాగా తెలుసు. ముప్పై ఏళ్లు ఆయుధాగారంలో పనిచేసి రిటైరైన ఆయన, ఇప్పుడు పాతకాలం తుపాకులు చూసి వాటి స్థితి ఏపాటిదో కాగితం మీద రాసిస్తారు. ఆయన ‘అసలు రంగు’ అని రాస్తే అది అసలు రంగే. రాసిన మాట కొట్టేయాల్సిన అవసరం జన్మలో రాలేదని పెళ్లి భోజనాల్లో కూడా చెబుతుంటారు, పక్కవాడు పప్పు అడుగుతున్నా వినిపించుకోకుండా.

దసరాకు రెండు రోజుల ముందు మన్సూరాబాద్‌లో దశరథ ఇంటికి వెళ్లారు. దశరథది నల్లగొండ పక్క పల్లె, ఇక్కడ రెండు లారీలు తిప్పుతున్నాడు. వాళ్ల తాతది ఒక రివాల్వరు ఉంది. ఎప్పుడో పేలకుండా చేయించారు, కాగితాలన్నీ సక్రమం. రాఘవేంద్ర అనే ఆయన దాన్ని తన ఆయుధాల గదిలో, తాత పేరు రాసిన అద్దాల పెట్టెలో పెడతానన్నాడు. ఒకటే షరతు. దాని మీద ఎవరి చెయ్యీ పడని అసలు రంగుండాలి, తోమినదీ పాలిష్ పెట్టినదీ తనకొద్దు. దశరథ అప్పటికే కాలనీ అంతా చెప్పుకుని తిరుగుతున్నాడు.

భానుమూర్తిగారు భూతద్దం పెట్టుకుని కూర్చున్నారు. అది ఒక్కో గుండుకూ ఒక్కోసారి వెనక మీటను బొటనవేలితో లాగాల్సిన రకం. లాగారు. వరసగా నాలుగు టిక్కులు వినిపించాయి. గుండ్ల చక్రం కదలకుండా నిలబడింది. ఆ తర్వాత గొట్టం రంగు చూసి ఆయనకు కళ్లు చెమర్చాయి.

“ఈ తేనెరంగు చూశారా దశరథగారూ! ఇది మనిషి పూసేది కాదండీ, కాలం పూసేది. నూటపాతికేళ్లుగా దీన్నెవరూ ముట్టుకోలేదు.”

ఆ సాయంత్రమే ఆ ముక్క రాసి, సంతకం చేసి, రాఘవేంద్రకు వాట్సాప్‌లో పంపేశారు. ఫొటోలు పండగనాడు తీస్తానని, అందాకా జాగ్రత్తగా ఉంచమని దశరథ తల్లి అండాలమ్మకు చెప్పి వచ్చారు. ఏం జాగ్రత్తో మాత్రం చెప్పలేదు.

దసరా పొద్దున మెట్రోలో ఎల్బీ నగర్ దిగి ఆటో ఎక్కారు. ఆటో ముందు చక్రం అప్పుడే నిమ్మకాయ తొక్కి వచ్చింది, అద్దానికి బంతిపూల దండ అడ్డం. డ్రైవరుకు దారి ఎలా కనబడిందో ఆయనకు చివరిదాకా అర్థం కాలేదు.

అండాలమ్మ నవ్వుతూ పూజగదిలోకి తీసుకెళ్లింది. లారీ పానాలకూ మిక్సీకీ మధ్య రివాల్వరు కొత్త స్టీలు చెంబులా ధగధగలాడుతోంది. గొట్టానికి మూడు పసుపు గీతలు, మూతి మీద కుంకుమ బొట్టు.

“ఫొటోలు దీస్తనంటిరి గద సారూ. పండగపూట గా మురికి మొఖంతోని ఎట్ల దీస్తరని చింతపండు బెట్టి తోమిన” అంది.

భానుమూర్తిగారి నోట్లో వెలక్కాయ పడింది. దశరథకు మాత్రం నోరు బాగానే లేచింది.

“కొంప ముంచినవ్ గదనే అమ్మా! ఎవలు తోమమన్నరు నిన్ను? తాత పేరు గోవిందా!”

“ఏటేట తోముతనే ఉన్న గదరా! మా అత్త తోమింది, నేను తోమిన. పూజైనంక ఆముదం రాసి దీపం కాడ పెడుత. పోయినేడు మీ చిన్నాయిన పోయిండని మైల, పండగ జేయలె. గందుకే గంత జిడ్డు పట్టింది.”

“నువ్వు సప్పుడు జేయకు!” అన్నాడు దశరథ. కొడుకు వినలేదు. భానుమూర్తిగారు విన్నారు.

విని, మరలు బిగించిన సందులో చింతపండు చేరని చోట దూది పెట్టి గట్టిగా రుద్దారు. దూదికి తేనెరంగు అంటింది. వాసన చూశారు. ఆముదం. కాస్త కర్పూరం. వెలుతురులోకి తిప్పితే కుంకుమ.

నిజం చెప్పొద్దూ, ఒక నిమిషం పాటు ఆయన దూదిని జేబులో వేసుకుందామనే అనుకున్నారు. ముసలావిడ తోమి పాడుచేసిందంటే చాలు, తన కాగితం నిలుస్తుంది, పేరూ నిలుస్తుంది. ఆవిడ గోడవైపు తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. ఆయనకు సిగ్గేసింది.

“దశరథగారూ, అమ్మగారిని ఏమీ అనకండి. అసలు రంగు ఎప్పుడో మీ నాయనమ్మగారి కాలంలోనే పోయింది. నేను కాలం అనుకున్నది ఆముదమండీ. తప్పు నాది.”

దశరథ దూదిని చూశాడు, తల్లిని చూశాడు. “పెట్టె లేకుంటే పాయె. తాత తుపాకి మా ఇంట్లనే ఉంటది. ఏడ్వకే అమ్మా, తప్పయింది” అని ఆవిడ పక్కన కూలబడ్డాడు.

భానుమూర్తిగారు అక్కడే స్పీకర్ పెట్టి రాఘవేంద్రకు ఫోన్ చేశారు. అది పూజగది ఆముదమనీ, రాసిన మాట కొట్టేస్తున్నాననీ చెప్పడానికి మూడుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. చెప్పాక మాత్రం ప్రాణం హాయిగా అనిపించింది.

“పోనీలెండి భానుమూర్తిగారూ, పొరపాటు ఎవరికైనా వస్తుంది” అన్నాడు రాఘవేంద్ర. “అయినా ఒక్కమాట. నా గదిలో ఉన్న పదకొండింటికీ తేనెరంగు అని రాసిచ్చింది మీరేగా? అవి ఎక్కడ ఉండగా చూశారండీ?”

భానుమూర్తిగారు కళ్లు మూసుకుని ఒక్కో ఇల్లే గుర్తు చేసుకున్నారు. పదకొండూ పూజగదుల్లోంచి తీసి చూపించినవే.

ఆ మాటే పైకి చెప్పారు. అండాలమ్మ ఫోన్ మీదికి వంగింది.

“పదకొండేనా సారూ? తెచ్చియ్యండ్రి. చింతపండు నానబెడుత.”