పేజీ తిప్పే మనిషి

బోర్డు మీద మూడో పాట నంబరు పెట్టబోయి గెర్డా ఆగింది. ఆరంకె కనిపించలేదు. అంకెల పెట్టెలో చెయ్యి పెట్టి కెలికితే అడుగున దొరికింది, ఎప్పటిలాగే తొమ్మిదుల్లో కలిసిపోయి. దాన్ని స్వెటరు చేతికి తుడిచి, నిలువు సరిచూసి, కొక్కేనికి తగిలించింది. నిచ్చెనకు ఉన్నవి మూడే మెట్లు. అయినా దిగాక గోడకు చెయ్యి ఆనించి కాసేపు నిలబడాల్సి వచ్చింది. కిందటి వేసవిలో ఇంత లేదు.

లోలాండ్ దీవిలో ఎల్లెబీ చర్చికి ఆదివారం పొద్దున్న కావలసిన పనంతా ఆమెదే. హీటరు వెయ్యడం, కొవ్వొత్తులు మార్చడం, పాటల నంబర్లు పెట్టడం, చివర్న వచ్చినవాళ్ళకి కాఫీ పొయ్యడం. బయట చక్కెరదుంపల లారీలు తెచ్చిన బురదంతా మనుషుల బూట్లతో లోపలికి వస్తుంది. దాన్ని తుడవడం కూడా ఆమె పనే. పదింటికి గంట కొట్టాక మాత్రం వీటితో సంబంధం లేని ఇంకో పని ఉంది. ఇరుకు మెట్లెక్కి పైన ఆర్గన్ దగ్గరికి వెళ్ళి, ఐనార్‌కి ఎడమపక్కన బల్ల మీద కూర్చుని, అతను వాయిస్తుంటే స్వరాల పుస్తకంలో పేజీలు తిప్పాలి. దీనికి జీతం లేదు, ఉద్యోగం కాగితంలో ఆ మాటే లేదు. పంతొమ్మిదేళ్ళలో ఫ్లూ వచ్చిన రెండు వారాలు తప్ప ఆమె మానిందీ లేదు.

పొట్టి మనిషి, వెడల్పు భుజాలు, తెల్లజుట్టు చెవుల దాకా తనే కత్తిరించుకుంటుంది. అంతకుముందు ఇరవై రెండేళ్ళు పోస్టాఫీసు కౌంటరులో కూర్చుంది. ఊళ్ళో పోస్టాఫీసు మూసేసిన రోజున అందరూ జ్ఞాపకానికి ఏదో ఒకటి పట్టుకెళ్ళారు. ఒకాయన ఏకంగా గోడ గడియారం పట్టుకెళ్ళాడు. గెర్డా తెచ్చుకున్నది వేలు తడుపుకునే స్పాంజి ఒక్కటే, గుండ్రటి రేకు డబ్బాలో ఉన్నది. అదే ఆర్గన్ బల్ల మీదికి వచ్చింది. ప్రతి పేజీకి ముందు చూపుడువేలు అందులో అద్దుతుంది, లేచి వంగుతుంది, తిప్పుతుంది, కూర్చుంటుంది. ఆమె కూర్చున్న ప్రతిసారీ పాత బల్ల కిర్రుమనేది. "బల్లకి నువ్వంటే ఎంత ప్రేమో" అని ఐనార్ ఆటపట్టించేవాడు. వీళ్ళిద్దరి గురించి ఊరు ఒక రెండేళ్ళు గుసగుసలాడుకుంది. ఎంత చూసినా చూడ్డానికేమీ లేకపోవడంతో విసుగు పుట్టి మానేసింది.

ఆగస్టులో పెద్దాసుపత్రి డాక్టరు ఆమెను కూర్చోబెట్టి విషయం నెమ్మదిగా చెప్పాడు. జబ్బు కడుపులో లోతుగా పాకింది, కోసి తీసేది కాదు, క్రిస్మస్ దాకా ఉంటే సంతోషం. గెర్డా భయపడలేదని చెబితే అబద్ధం. బస్సులో ఇంటికి వచ్చేదాకా చేతిసంచిని గుండెకి హత్తుకుని కూర్చుంది. కానీ బస్సు దిగి ఇంటి తాళం తీస్తుండగా ఆమెకు పట్టుకున్న బెంగ తన గురించి కాదు. ఐనార్ ఎలా?

ఐనార్‌కి చూపు పోతోంది. అతను ఎవరికీ చెప్పలేదు, ఆమెకూ చెప్పలేదు. ఎదురుగా చూస్తే మధ్యలో మసక, అంచులు మాత్రం ఆనుతున్నాయి. వసంతం నుంచీ అతను మెడ పక్కకి వంచి స్వరాలు చూడ్డం, బాగా తెలిసిన పాటలోనే ఎడమచెయ్యి తడబడ్డం పక్కన కూర్చున్న మనిషికి తెలియకుండా ఉంటుందా? స్వరాలు పెద్దవిగా కనిపిస్తే ఇంకా కొన్నేళ్ళు వాయించగలడు. అంత పెద్ద అచ్చు వేస్తే పుస్తకం తలుపంత అవుతుంది. పైగా ఒక్కో పేజీలో పట్టేది తక్కువ కాబట్టి తిప్పాల్సిన పేజీలు రెట్టింపు. డిసెంబరు తర్వాత వాటిని తిప్పేదెవరు? ఆ ఆర్గన్ తీసేస్తే ఐనార్‌కి మిగిలేది ఓ పిల్లి, రెండు గదుల ఇల్లు. వాయించలేని రోజున ఆ మనిషి వారం కూడా నిలవడని గెర్డాకి గట్టి నమ్మకం. తను పోయేలోగా అతని పేజీ అతను తిప్పుకోవడం నేర్వాలి. మిగిలిన రోజులకి ఆమె పెట్టుకున్న పని అదొక్కటే.

సెప్టెంబరులో దగ్గరి పట్నం నాక్స్కౌ వెళ్ళింది, తెర మీద స్వరాలు పెద్దవి చేసుకుని వేలితో తాకితే పేజీ తిరిగే లాప్‌టాప్ కొనడానికి. ఆర్గన్ మీద పుస్తకం ఆనించే చెక్క ఎంతుందో అంత అట్టముక్క కత్తిరించి వెంట తీసుకెళ్ళింది. కొట్లో అబ్బాయి, మనవల ఫొటోలు చూసుకోవడానికనుకున్నాడు కాబోలు, ముందు చవకవి చూపించాడు. తర్వాత వేగం గురించీ, ఎన్ని ఫొటోలు పడతాయన్న దాని గురించీ మొదలెట్టాడు. గెర్డా చివరిదాకా మర్యాదగా విని, మోత ఉంటుందా అని అడిగింది.

"మోతా?"

"లోపల ఫ్యాను. పాస్టరు ప్రార్థన చేస్తుంటే ఇది పైన రొద పెట్టకూడదు."

అతను ఒకదాన్ని చూపించి, దీని చప్పుడు అసలు వినపడదన్నాడు. గెర్డా దానికి చెవి ఆనించింది. "మీ కొట్లో వినపడదు. మా చర్చిలో మంచు కురిస్తే వినపడుతుంది" అని పక్కన పెట్టించింది. రెండోది అట్టముక్క మీద పెడితే వేలెడు బయటికి వచ్చింది. అంత వెడల్పుదైతే ఐనార్ స్వరం మార్చడానికి లాగే గుండీలకి అడ్డం పడుతుంది. మూడోదాన్ని చంకన పెట్టుకుని, ఎండ పడితే తెర మెరుస్తుందేమో చూడాలని గుమ్మం దాకా నడిచింది. ఎత్తుకుపోతుందేమోనని పాపం ఆ అబ్బాయి వెనకాలే వచ్చాడు.

నాలుగోది బూడిదరంగుది. ఫ్యాను లేదు. తెరను వెనక్కి మడిచి, ఇంకా మడిచి, పూర్తిగా తిప్పేస్తే మీటలు అడుగుకి వెళ్ళిపోయి తెర ఒక్కటే పైకి మిగిలింది, పలకలాగా. అడుగున మీటలు నొక్కుకుని పిచ్చిరాతలు రాయవు కదా అని అడిగింది. మడిస్తే మీటలు నిద్రపోతాయన్నాడు అతను. తెర మీద రాయడానికి ఓ పెన్ను కూడా దాంతో వచ్చింది. సంగీతం కోసమని తెలిశాక అతనికి హుషారు వచ్చి, పాదంతో నొక్కితే పేజీ తిరిగే పరికరం ఒకటుంది, వాయించేవాళ్ళందరూ అదే కొంటున్నారన్నాడు.

"మావాడు వాయించేది ఆర్గన్. కాళ్ళు రెండూ పనిలోనే ఉంటాయి," అంది గెర్డా. "మూడో కాలు మీ దగ్గరుంటే చూపించండి."

ఖరీదు దగ్గర ఆమె ఆలోచించలేదు. డిసెంబరు తర్వాత తనకి ఖర్చులేముంటాయి కనక.

ఐనార్‌తో మాత్రం, తనకి కళ్ళు సరిగా ఆనడం లేదనీ, పుస్తకంలో పేజీ చివర కనబడక అవస్థ పడుతున్నాననీ, అందుకే ఇది కొన్నాననీ చెప్పింది. ఐనార్ తెర అంచు వేలితో తడిమాడు. "నీక్కూడానా?" అన్నాడు మెత్తగా. గెర్డా ఆ మాట విననట్టే లాప్‌టాప్ వైరు చుట్టచుడుతూ ఉండిపోయింది.

మొదటి ఆదివారం అభాసయింది. అలవాటు చొప్పున గెర్డా వేలు స్పాంజిలో అద్ది తెరను తాకింది. తడివేలికి తెర రెండు పేజీలు దూకింది. ఐనార్ ఎదురుగా ఏది కనిపిస్తే అది వాయించాడు. కింద జనం ఒకటిన్నర చరణం మింగి, కాసేపు తికమకపడి, ఎవరి మొహం వాళ్ళు చూసుకోకుండా కూర్చుండిపోయారు. ఒక్కరూ ఏమీ అనలేదు, అది ఇక్కడి మర్యాద. కాఫీ దగ్గర పాస్టరు మారెన్ మాత్రం ఇవాళ త్వరగా అయిందని సంతోషించింది. ఐనార్ ఆ యంత్రాన్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. అప్పట్నుంచీ గెర్డా వేలు తడపలేదు. రేకు డబ్బా మాత్రం ప్రతి వారం వస్తూనే ఉంది.

ఆ తర్వాత ఆరు వారాలు ఆమె వంటింటి బల్ల దగ్గరే గడిచాయి. ఓ పక్క వెన్న రాసిన రై రొట్టె, కొరికి వదిలేసినది. ఎదురుగా గుడారంలా నిలబెట్టిన లాప్‌టాప్. చర్చి ఆఫీసు యంత్రం మీద పుస్తకాలన్నీ కాపీ తీసి అందులోకి ఎక్కించింది. ఒక్కో పాటలో ఐనార్ ఎడమచెయ్యి ఎక్కడ ఖాళీ అవుతుందో వెతికి, సరిగ్గా అక్కడే పేజీ తెగేలా కత్తిరించి, పెన్నుతో ఎర్ర చుక్క పెట్టింది. మసక కంటికి కూడా ఆనేంత పెద్ద చుక్క. పంతొమ్మిదేళ్ళ కిందట ఆమెకు ఒక్క స్వరం చదవడం రాదు. ఐనార్ ఎడమభుజం కాస్త లేస్తే తిప్పాలని మాత్రమే తెలుసు. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా ఆ భుజం ఎక్కడ లేస్తుందో తెలుస్తుంది. చుక్కలు పెట్టింది ఆ లెక్కతోనే.

ఐనార్ నేర్చుకుంటున్నాడు. కాని కష్టమైన చోట చెయ్యి కదపడు. మెడ ఎడమకి తిప్పి ఎదురుచూస్తాడు. గెర్డా తట్టుకోలేక లేస్తుంది. ఇలా మూడు ఆదివారాలు గడిచాయి. ఈ ఆదివారం మాత్రం మెట్లెక్కుతున్నప్పుడే ఆమె ఒట్టు పెట్టుకుంది, ఏమైనా సరే లేవకూడదు. ఆ పదిహేడు మెట్లకి రెండుసార్లు ఆగింది. పైన లాప్‌టాప్ మడిచి చెక్కకి ఆనించింది, స్పాంజి డబ్బా పక్కన పెట్టింది, కూర్చుంది, రెండు చేతులూ తొడల కింద దూర్చింది.

పాటలు సాఫీగా గడిచాయి. అసలు పరీక్ష చివర్న జనం లేచి వెళ్ళేటప్పుడు వాయించేది, పదకొండు పేజీలు. ఆరు తిరిగాయి. ఏడో పేజీ చివర రెండు చేతులూ ఆర్గన్ పైవరస మెట్లలో చిక్కుకున్నాయి, పాదాలు కింద కాలిమెట్ల మీద పరుగెడుతున్నాయి. ఐనార్ మెడ ఎడమకి తిరిగింది. గెర్డా తల తిప్పేసి కిటికీలోంచి దున్నిన పొలం కేసి చూసింది. గోళ్ళు తొడల్లో గుచ్చుకుంటున్నాయి. నువ్వే తిప్పుకో, తండ్రీ, తిప్పుకో అనుకుంది. ఒక్క స్వరం కాస్త ఎక్కువసేపు సాగింది. తర్వాత ఎడమచెయ్యి లేచి, తెర అంచు తాకి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ మెట్ల మీద వాలింది. పేజీ తిరిగింది. మిగిలిన నాలుగు పేజీలూ గెర్డా చూడలేదు, కళ్ళలో నీళ్ళు అడ్డం వచ్చాయి.

కిందివాళ్ళంతా కాఫీకి వెళ్ళాక కూడా ఐనార్ లేవలేదు.

"ఇవాళ ఒక్కసారీ లేవలేదు నువ్వు."

"అవసరం రాలేదుగా."

"చేతుల మీద కూర్చున్నావు, నాకు తెలీదా. ఏడో పేజీ దగ్గర నన్ను తంతావేమో అనుకున్నా."

గెర్డా నవ్వింది. మామూలుగా చెప్పాలనుకుంది, మామూలుగానే చెప్పింది. "ఐనార్, క్రిస్మస్‌కి నేను ఉండకపోవచ్చు."

ఎక్కడికి వెళ్తున్నావని అతను అడగలేదు. బల్ల మీద, ఇద్దరి మధ్య ఖాళీలో, అరచేయి ఆనించాడు.

"ఇది ఆగస్టు నుంచీ కిర్రుమనడం లేదు," అన్నాడు. "ప్రతి వారం వింటున్నా. నువ్వు తగ్గిపోతున్నావు. నీ కళ్ళకేమీ కాలేదని కూడా తెలుసు. నా పరువు కాపాడుతున్నావు కదా అని ఊరుకున్నా."

అతని చేతి మీద తన చెయ్యి వేసింది. పంతొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. కింద ఎవరో కాఫీ ఎక్కడుందని పిలుస్తున్నారు.

"క్రిస్మస్ పాటలకి చుక్కలు పెట్టలేదు ఇంకా," అంది.

"మంగళవారం వస్తా. సూప్ నేను తెస్తా. నువ్వు వండకు."

మూడు మంగళవారాలు వచ్చాడు. మొదటిసారి ఆమె బల్ల దగ్గర కూర్చుని చుక్కలు పెట్టింది. రెండోసారి సోఫాలో పడుకుని, లాప్‌టాప్ పొట్ట మీద నిలబెట్టుకుని పెట్టింది. మూడోసారి పెన్ను పట్టలేకపోయింది. ఐనార్ పాట కూనిరాగం తీస్తుంటే "ఇక్కడ" అనేది, అతను అక్కడ చుక్క పెట్టేవాడు. వంకరగా వచ్చేవి. మధ్యలో ఆమెకు నిద్రపట్టింది. అతను కూనిరాగం ఆపకుండా ఇంకాసేపు కూర్చుని, సూప్ గిన్నె కడిగిపెట్టి, దుప్పటి సర్ది వెళ్ళాడు.

నవంబరు ఆఖరి గురువారం పొద్దున్న నర్సు వచ్చేసరికి గెర్డా పోయింది. లాప్‌టాప్, పెన్ను, వైరు ఒక సంచిలో సర్ది, దాని మీద ఐనార్ పేరు రాసి ఉంది. ఆమె అంత్యక్రియలకి ఐనారే వాయించాడు. ఒక్క పేజీ తప్పలేదు.

క్రిస్మస్ ముందురోజు, డిసెంబరు ఇరవైనాలుగు మధ్యాహ్నం ఎల్లెబీ చర్చిలో నిలబడే చోటు కూడా లేదు. నంబర్లు పెట్టినవాళ్ళు ఎవరో ఆరు బదులు తొమ్మిది తగిలించారు. మారెన్ చూసి సరిచేసింది. ఐనార్ పైన మొదటి పాట, రెండో పాట వాయించాడు. మూడో పాటలో రెండో చరణం దాకా ఎర్ర చుక్కలు ఉన్నాయి, చివరి రెండూ వంకరవి. అక్కణ్ణించి లేవు. ఆమెకు నిద్రపట్టిన చోటు అది. అతని మెడ ఎడమకి తిరిగింది. అక్కడెవరూ లేరు. కింద రెండొందల మంది పాడుతున్నారు, ఆపడానికి లేదు. అతని ఎడమభుజం కాస్త లేచింది, ఆ వెంటే చెయ్యి లేచి పేజీ తిప్పింది. అక్కణ్ణించి పాట చివరిదాకా భుజం లేచిన ప్రతిచోటా తిప్పుకుంటూ పోయాడు. అతని మొహం తడిసిపోయింది, తుడుచుకోవడానికి మాత్రం చేతులు ఖాళీ లేవు.

పాట అయ్యాక మారెన్ ప్రార్థన మొదలుపెట్టింది. లాప్‌టాప్ ఏ చప్పుడూ చెయ్యలేదు. ఐనార్ జేబులోంచి చిన్న నీళ్ళసీసా తీసి, మూత విప్పి, ఎడమపక్కకి వంగి నాలుగు చుక్కలు పోశాడు. అక్కడ ఖాళీ బల్ల మీద గుండ్రటి రేకు డబ్బా ఉంది, దాన్లో పోస్టాఫీసు స్పాంజి, తడిగా.