ఒకే అల రెండుసార్లు

"ఎల్లుండే పెద్దకర్మ తేజా. పటం కట్టించాలి. మీ అక్కది మంచి ఫోటో ఒకటి చూసి పంపు. నీ దగ్గర కాకపోతే ఇంకెవరి దగ్గరుంటుంది?"

ప్రగతి నగర్ నుంచి బావ చలపతిరావు ఫోన్లో అలా అడిగితే, "పంపిస్తాను బావా" అనేశాడు తేజ. ఫోన్ పెట్టేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

ఫోటోల పిచ్చి చాలామందికి ఉంటుంది గాని తేజది బాగా ముదిరిన పిచ్చి. సెలవు దొరికితే పుప్పాలగూడ ఫ్లాటులో కాలు నిలిచేది కాదు. కొండలు, చెరువులు, మబ్బులు, పిట్టలు, అన్నీ తీసి కంప్యూటర్లో పేర్లు పెట్టి మరీ దాచుకున్నాడు. మనుషులంటే మాత్రం గిట్టదు. మనిషి పడితే ఫోటో పాడైపోతుందట! ఆ సిద్ధాంతం పుణ్యమా అని సాయంత్రమంతా వెతికినా అక్క భానుశ్రీ దొరకలేదు. పుట్టినరోజు ఫోటోలో కేకు అందిస్తున్న ఆమె చేయి ఉంది. గృహప్రవేశం ఫోటోలో వీపు ఉంది.

నిజానికి ఒక్క ఫోటో ఉండేది. దాన్ని తలచుకోవడానికే అతనికి భయం వేసింది.

పోయిన కార్తీకంలో బంధువుల పెళ్లికని విశాఖపట్నం వెళ్లారు. మంగమారిపేట రాళ్ల దగ్గర సూర్యోదయం తీస్తానని తేజ చీకటితోనే లేచాడు. వాయుగుండం పట్టింది, వద్దంటే వింటేనా? "ఒక్కడివే ఆ రాళ్ల మీదికెందుకురా, నేనూ వస్తానుండు" అని అక్క వెంట బయల్దేరింది.

అక్కడ చినుకులు మొదలయ్యాయి. ఆమె గొడుగు కెమెరాకి పట్టి తాను తడిసింది. అలలు నల్లటి రాళ్లకి కొట్టుకుని మీదికి లేస్తుంటే చిన్నపిల్లలా సంబరపడింది.

"ఒరేయ్, ఎండొస్తే నన్నూ ఒకటి తీయరా. నాకు మంచి ఫోటోయే లేదు."

"వెలుగు పోతే మళ్లీ రాదక్కా. నీ ఫోటోదేముంది, ఎప్పుడైనా తీయొచ్చు."

చాలాసేపు మబ్బు కదల్లేదు. వాన వెలిశాక ఆమె గొడుగు మడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని రాళ్ల వైపు నడిచింది. సరిగ్గా అప్పుడే మబ్బు చీలింది. సముద్రం మీద బంగారం పరుచుకుంది. తేజ టకటకా నొక్కుతూనే ఉన్నాడు. ఆమె వెనక్కి తిరిగి నవ్వుతూ, "చూడరా, చూడు!" అని చేయి ఊపింది.

"అక్కా, పక్కకి జరుగు! అడ్డం!"

ఆమె కంగారుగా జరిగింది. అంతలో మబ్బు మూసుకుంది. ఇక ఆ పూటకి సూర్యుడు లేడు.

దారంతా తేజ ముఖం మాడ్చుకునే ఉన్నాడు. "నా వల్లే పాడైపోయింది కదరా" అని ఆమె నొచ్చుకుంది. పరవాలేదని ఒక్క మాట అనడానికి అతనికి నోరు రాలేదు.

ఆ రాత్రే ల్యాప్‌టాప్‌లో ఆ ఫోటో తెరిచి, పక్కనున్న అల ముక్క తెచ్చి అక్క మీద అతికించాడు. అసలుది దాచుకోవాలన్న ఆలోచనైనా రాలేదు. చెత్త ఎందుకని అక్క పడినవన్నీ తుడిచేశాడు. ఆఫీసు పోటీలో ఆ ఫోటోకే మొదటి బహుమతి వచ్చింది. పెద్దది చేయించి మాదాపూర్ ఆఫీసు క్యాంటీన్లో గోడకి పెట్టారు. తర్వాత నాలుగు నెలలకి, తలలో నరం చిట్లి భానుశ్రీ పోయింది.

చివరికి ఆధార్ కార్డు ఫోటోనే పెద్దది చేయించి దండ వేశారు. అందులో ఆమె ఎవరో గదమాయించినట్టు బెదురుగా చూస్తోంది. బావ నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది తేజకి.

మళ్లీ ఆఫీసుకి వెళ్లిన రోజు క్యాంటీన్లో ఆ ఫోటో ముందు నిలబడ్డాడు. దాని అద్దం తుడుస్తున్న క్యాంటీన్ పనిమనిషి కొమురమ్మ పలకరించింది.

"గీ ఫోటో మీరే తీసిండ్రంట గద సార్. మస్తుగుంది. ఒక్క మనిషి గుడ లేడు. గంత పొద్దుగాల ఒక్కరే పోయిండ్రా?"

"లేదు. మా అక్క వచ్చింది."

"ఏది సార్? కనవడ్తలేదు."

కుడివైపు కింద ఒకే అల రెండుసార్లు ఉంది. ఇన్నాళ్లూ ఎవరూ పట్టుకోలేదు. తేజ రెండో అల మీద వేలు పెట్టాడు.

"ఇక్కడే నవ్వుతూ నిలబడింది. నేనే చెరిపేశాను. ఇప్పుడు తను లేదు."

కొమురమ్మ గుడ్డ భుజాన వేసుకుని, అతను వేలు పెట్టిన చోటికి వంగి చూసింది.

"అయ్యో... ఇంకోటన్న తీయకపోయిండ్రా సార్?"