సున్నా నీళ్లు

నీటి పరీక్షల దుకాణం పెట్టిననాడు అతని చేతిలో ఉన్నది పైపుల వ్యాపారం ఎత్తేయగా మిగిలిన సొమ్ము, మూతపడ్డ కాలేజీ నుంచి తుక్కు ధరకు కొన్న ఒక మిషను. ఎనిమిదేళ్లలో దుకాణం సొంతమైంది. ఆ లెక్కలో ఎక్కడా నష్టం లేదనుకున్నాడు, ఇవాళ మధ్యాహ్నం దాకా.

నీళ్లలో సన్నని కడ్డీ ముంచి కరెంటు పెడితే, ఆవగింజలో అరవయ్యో వంతు సీసం ఉన్నా వచ్చి కడ్డీకి అంటుకుంటుంది. కొన్ని నిమిషాలాగి కరెంటును ఎదురు తిప్పితే, అంటుకున్నదంతా ఊడుతుంది. ఊడేటప్పుడు తెర మీద గీత లేస్తుంది. గీత ఎంత ఎత్తైతే సీసం అంత. అయితే ముందు శుద్ధమైన నీళ్లతో ఒకసారి నడిపి, ఆ గీతను సున్నాగా పెట్టుకుని, తర్వాతి లెక్కలోంచి తీసేయాలి. నూనె తూచేవాడు గిన్నె బరువు తీసేసినట్టు. ఆ శుద్ధమైన నీళ్లు కొనడం దండగని అతను మొదటి నెలలోనే తేల్చాడు. కుళాయి నీళ్లు తేటగానే ఉండేవి.

ఇవాళ కుళాయి రాలేదు. తిట్టుకుంటూ, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక క్యాను కొన్నాడు. దాంతో సున్నా పెట్టి అక్క తన సందు కుళాయి నుంచి బాటిల్లో పట్టి తెచ్చిన నీళ్లు పోస్తే గీత తెర పైఅంచుకు తగిలింది. మిషను చెడిందనుకుని కడ్డీ తుడిచి మళ్లీ నడిపాడు. అంతే. చివరికి కూజా అడుగున మిగిలిన నిన్నటి కుళాయి నీళ్లు పోశాడు. అదే ఎత్తు. దుకాణానికీ అక్క ఉండే సందుకూ ఒకే బోరు నీళ్లు. ఇన్నేళ్లూ అతను సీసంలోంచి సీసాన్ని తీసేసి, లేదని సంతకం పెడుతున్నాడు.

“ఏంట్రా, దానికి జ్వరమొచ్చిందా? అదే పనిగా తుడుస్తున్నావు,” అంది అక్క. ఆమె సందు వెనక సీసం కరిగించే బట్టీలో పాత బ్యాటరీలు పగలగొడుతుంది, ఒక్కోదానికి ఆరు రూపాయల కూలి. నిరుటి నుంచి మణికట్లు వాలిపోతున్నాయి.

“ఆ నీళ్లు తాగొద్దక్కా. నిరుడు నేనిచ్చిన కాయితం తప్పు.”

ఆమె తన చేతుల వంక చూసుకుంది.

“మంచినీళ్ల ట్యాంకరు కోసం కొట్లాడదామని అందరూ లేస్తే ఆపింది నేనేరా. మా తమ్ముడి మిషను చెప్పింది, ఇంకేం గొడవన్నాను. ఎదురింటి పిల్లకి మాటలు రావట్లేదంటే, వాళ్లమ్మ పెంపకం అన్నాను.”

ఆమె తిట్టి ఉంటే చవగ్గా తీరేది. 

అంతలో బట్టీ యజమాని వచ్చాడు. సందు నీళ్లలో సీసం లేదని ఏటా తీసుకెళ్లే కాయితం కోసం. సంగతి విని నవ్వాడు.

“సున్నా పెట్టుకునేది నువ్వేగా. పాతదే పెట్టు. నా నాలుగు బట్టీల పరీక్షలూ ఇక నీకే.”

అతను అలవాటు కొద్దీ లెక్క కట్టాడు. ఖర్చులు పోను ఎంత మిగులుతుందో క్షణంలో తేలింది. తేలినందుకు సిగ్గేసింది. పెన్ను అప్పటికే చేతిలోకి వచ్చి ఉంది. అక్క అది చూసింది.

“ఇవాళొచ్చిన అంకే రాస్తాను,” అన్నాడు. “మీకొద్దంటే మా అక్క పట్టుకెళ్తుంది.”

“రాస్తే నీ దుకాణం కూడా మూతే. ఎనిమిదేళ్ల కాయితాలూ తప్పనేగా?” అన్నాడు యజమాని.

“తప్పే.”

యజమాని వెళ్లిపోయాడు. అతను అంకె రాసి, సంతకం పెట్టి అక్కకిచ్చాడు. అక్క కాయితాన్ని వేళ్లతో పట్టలేక, రెండు అరచేతుల మధ్య నొక్కి పట్టుకుని మెట్లు దిగింది. 

సాయంత్రానికి సందులో ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి మెట్ల మీద బాటిళ్లు పెట్టిపోయారు. ఎవరూ పలకరించలేదు. అతనూ డబ్బు అడగలేదు. ఎదురింటి పిల్ల తల్లి మాత్రం తన బాటిల్ అక్కడ వదల్లేదు. లోపలికొచ్చి, మిషను ఎదుట నిలబడి, “నేను చూస్తుండగా చెయ్యి,” అంది.

ఇన్నేళ్ల వ్యాపారంలో అతని మాట నమ్మని బేరం ఇవాళే మొదటిసారి వచ్చింది.