పిలిస్తే వచ్చినవాళ్లు

నేను ఒక ఈలను. చిటికెన వేలంత పొడుగున్న ఇత్తడి ఈలను. ఇప్పుడు ఒక చిన్న మ్యూజియంలో, గాజు పెట్టెలో, తుప్పుపట్టిన లంగరు గొలుసుకూ ఒక బర్మా గొడుగుకూ మధ్య పడుకుని ఉన్నాను. నా ముందు పెట్టిన చీటీ మీద ‘రంగూను రేవు, 1941. బాంబు దాడిలో కూలీలను కాపాడడానికి ఊదిన ఈల’ అని రాసి ఉంది. రాసినాయన మంచివాడే. కాపాడడానికి ఊదిన మాట నిజం. ఎవరూ దక్కలేదన్న సంగతి ఆయనకు తెలియదు.

నేను పుట్టింది ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్ ఊళ్లో. అక్కడ ఒక అమ్మాయి ఈలలన్నిటినీ ఒక్కొక్కసారి ఊది చూసి, గొంతు బాగుంటే పెట్టెలో వేసేది. నన్ను ఊదినప్పుడు రెండోసారి కూడా ఊదింది. బాగున్నాననే అనుకున్నాను. కొన్నేళ్ల తర్వాత ఆ ఊరి మీద బాంబులు పడ్డాయని రంగూను రేవులో నావికులు చెప్పుకుంటుంటే విన్నాను. ఏ ఫ్యాక్టరీలు కాలాయో, ఎన్ని వీధులు కూలాయో చెప్పుకున్నారు. ఆ అమ్మాయి మాట ఎవరూ ఎత్తలేదు.

రంగూనులో నన్ను కొన్నవాడు లోకనాథం మేస్త్రీ. బారువ దగ్గర సముద్రపు ఒడ్డు పల్లెటూరు ఆయనది. పద్నాలుగో ఏట ఓడ డెక్కు మీద వచ్చి, వీపు మీద బియ్యం బస్తాలు మోసి, ముప్పై దాటాక ఒక ముఠాకు మేస్త్రీ అయ్యాడు. ముఠాలో పదకొండు మంది. అందరూ ఆయన ఊరివాళ్లే, ఆయన తీసుకొచ్చినవాళ్లే. జబ్బు చేస్తే గంజి కాచి ఇచ్చేవాడు. ఊరినుంచి ఉత్తరం వస్తే చదివించి పెట్టేవాడు. చెడ్డవాడని నేను అనలేను. అయితే ఆయనకు ఒక నియమం ఉండేది. నన్ను మూడుసార్లు ఊదితే ఎవరు ఎక్కడున్నా, చేతిలో ఏమున్నా వదిలేసి పరుగెత్తుకొచ్చి ఆయన ముందు వరసలో నిలబడాలి. చివర వచ్చినవాడికి ఆ రోజు పని లేదు.

ఓడలు ఆలస్యాన్ని ఓర్చవు కాబట్టి నియమం బాగానే సాగింది. దొరలు మెచ్చుకున్నారు. నేను కూడా గర్వపడ్డాను. మూడు కూతలకు పదకొండు మంది పరుగెత్తుకొస్తుంటే ఏ ఈలకు గర్వం ఉండదు?

యుద్ధం దగ్గరికొచ్చిందన్నారు. రేవు ఆఫీసు చుట్టూ ఇసుక బస్తాలు పేర్చారు. కూలీల కోసం గోడ మీద ఒక కాగితం అంటించారు. విమానాలు వస్తే ఏం చెయ్యాలో దాని మీద ఇంగ్లీషులో ఒకసారి, బర్మీస్‌లో ఒకసారి ఉంది. మా ముఠాకు ఆ రెండూ రావు.

డిసెంబరు ఇరవై మూడు, పొద్దున్న పది గంటలవేళ ఆకాశంలో జపాను విమానాలు కనిపించాయి. ఎండలో వెండి రేకుల్లా మెరుస్తున్నాయి. జనం దాక్కోలేదు. రోడ్ల మీదికి వచ్చి, కళ్లకు చేతులు అడ్డం పెట్టుకుని చూశారు. పిల్లల్ని భుజాల మీదికెత్తుకుని చూపించారు. మొదటి బాంబు పక్క జెట్టీ మీద పడింది.

మా ముఠాలో ఏడుగురు గోదాములో, గుట్టలుగా పేర్చిన బియ్యం బస్తాల మధ్య ఉన్నారు. నలుగురు ఓడ పక్కన ఉన్నారు. ‘పారిపొండిరా, కాలవలో పడుకోండిరా’ అని లోకనాథం అరిచాడు. ఆ మోతలో ఆయన గొంతు ఆయనకే వినబడలేదు. అప్పుడు నన్ను నోట్లో పెట్టుకున్నాడు.

ఆయన ఉద్దేశం నాకు తెలుసు. ఆ పెదవుల వణుకులోనే తెలిసింది. కాని చెదిరిపొమ్మని చెప్పే కూత ఆయన ఏనాడూ వాళ్లకు నేర్పలేదు. ఉన్నది ఒక్కటే కూత. మూడుసార్లు ఊదాడు.

వాళ్లు వచ్చారు. ఓడ దగ్గరున్న నలుగురూ వచ్చారు. బస్తాల మధ్య భద్రంగా ఉన్న ఏడుగురూ బయటికి పరుగెత్తుకొచ్చారు. అందరికన్నా ముందు గవరయ్య. ఎప్పుడూ అతనే ముందు. మేస్త్రీ రెండు చేతులూ ఊపుతూ పొమ్మంటున్నాడు. తొందరగా రమ్మంటున్నాడనుకుని వాళ్లు ఇంకా గట్టిగా పరుగెత్తారు. వరసలో నిలబడ్డారు. చివర వచ్చిన కుర్మయ్య ఇవాళ తనకు పని లేదనుకుని తల దించుకున్నాడు.

తర్వాతి బాంబు అక్కడ పడింది.

ఆ విసురుకు మేస్త్రీ కాలవలో పడ్డాడు. లేచాక చూస్తే పదకొండు మందిలో ఒక్కరూ లేరు. గోదాము మాత్రం అలాగే ఉంది. దాని కప్పు మీద ఒక్క పెంకు కూడా ఊడలేదు.

నన్ను మొలతాడుకు కట్టుకుని లోకనాథం మిగిలిన జనంతో పాటు అడవుల్లోంచి, కొండల మీదుగా నడిచాడు. దారిలో పడిపోయినవాళ్లను దాటుకుంటూ నడిచాడు. మళ్లీ ఒక్కసారి కూడా నన్ను నోట్లో పెట్టుకోలేదు. పారెయ్యనూ లేదు.

ఊరు చేరాక పదకొండు ఇళ్లకూ ఒకటే మాట చెప్పాడు. రాత్రి పని చేసి గోదాములో పడుకున్నారనీ, బాంబు పడిందనీ, నిద్రలోనే పోయారనీ, నొప్పి తెలియలేదనీ. ఊరు ఆ మాటను భద్రంగా దాచుకుంది. పిల్లలకు అదే చెప్పుకుంది. చావు నోట్లోంచి నడిచొచ్చినవాడని ఆయనకు పెద్దరికం ఇచ్చింది. బడి అరుగు మీద ఆయన కోసం ఒక కుర్చీ వేసేవాళ్లు. ఆ కుర్చీలో ఆయన ఏనాడూ వెనక్కి ఆనుకుని కూర్చోలేదు.

మూడున్నరేళ్లు గడిచాయి. ఆగస్టు నెల. ఊరి బడి నడిపే పాణిగ్రాహి మాస్టారు అరుగు మీద పత్రిక చదివి వినిపిస్తున్నారు. జపాను మీద అమెరికావాళ్లు కొత్త రకం బాంబు వేశారట. ఒకే ఒక్క బాంబుకు ఊరికి ఊరు లేకుండా పోయిందట.

ఉప్పు కొఠారులో పనిచేసే బైరాగి తొడ చరిచాడు. “అద్దీ దెబ్బ! మన పదకొండు మంది ఉసురు ఊరికినే పోద్దేటి?” అంటూ ఇంటికి పోయి బెల్లం ముక్కలు పళ్లెంలో పెట్టుకొచ్చాడు. ముందు గవరయ్య భార్య దాలమ్మకు పట్టాడు. “తీసుకోయే. నీకే ముందు.”

దాలమ్మ చెయ్యి చాపలేదు. “మేష్టారూ, ఆ బాంబు పడ్డది పొద్దున్నా, రాత్తిరా?”

“పొద్దున్నేనమ్మా. ఎనిమిది దాటాక అని రాశారు.”

“పనికెల్లే యేళ.”

“అంతే అనుకో.”

“పిల్లలు బడికెల్లే యేళ గూడా.”

మాస్టారు పత్రిక మడిచి ఒళ్లో పెట్టుకున్నారు. “యుద్ధం తొందరగా ముగుస్తుందని వేశారటమ్మా. లేకపోతే ఇంకెంతమంది పోదురో.”

“అలగని ఎవులు తేల్సినారు బాబూ? పోయినోల్లనేటైనా అడిగినారా?”

బైరాగికి కోపం వచ్చింది. “నీ మొగుణ్ణి సంపినోల్ల మీద నీకు జాలేటే? బెల్లం సేదుగుందా?”

“నా మొగుణ్ణి ఎవులు సంపినారో నాకింకా ఎవులూ సెప్పనేదు, బైరాగన్నా.” దాలమ్మ కుర్చీ వైపు తిరిగింది. “మేస్తిరి బావూ. మా మావకి రేసీకటి. పొద్దుగూకితే సూపానక నా సెయ్యి పట్టుకుని పెరట్లోకెల్లీవోడు. పనిలోంచి తీసేత్తారని అక్కడ ఎవులికీ సెప్పుకోనేదు. అలాటోడు రాత్తిరి పని ఎలగ సేసినాడు?”

ఆయన చెయ్యి మొలతాడు దగ్గరికి వచ్చి నన్ను పట్టుకుంది. మూడున్నరేళ్లుగా ఆమె ఈ ప్రశ్నను కడుపులో పెట్టుకుని, ఎదురుపడితే ఆయనకు దణ్ణం పెడుతూ తిరిగిందన్నమాట.

లోకనాథం కుర్చీలోంచి లేచి నేల మీద కూర్చున్నాడు. నన్ను విప్పి ముందు పెట్టాడు. అంతా చెప్పాడు. మూడు కూతలు, బస్తాల మధ్య ఏడుగురు, తను ఊపిన చేతులు, పెంకు ఊడని కప్పు. ఏమీ తగ్గించలేదు.

ముందుగా మాట్లాడింది మాస్టారు. “మీ తప్పేముందండీ? బాంబు వేసినవాడిది పాపం. మీరు రక్షిద్దామనే కదా ఊదారు?”

బైరాగి మాత్రం పళ్లెం కింద పడేశాడు. “బాంబేసినోడు ఎక్కడో మేగాల్లో ఉన్నాడు. ఈల ఊదినోడు ఇక్కడే కూకున్నాడు. ఇన్నాల్లూ ఈడికి కుర్సీ ఏసినాం!”

ఇందాక ఊరు ఊరంతా కాలిపోయిందని తొడ చరిచినవాడు ఇతనే. మనుషుల సంగతి నాకు అప్పుడు కొంత అర్థమైంది. పాపం దూరంగా ఉంటే దానికి బెల్లం పంచుతారు. దగ్గరికొస్తే పళ్లెం పారేస్తారు.

అందరూ దాలమ్మను చూస్తున్నారు. ఆమె ఏమంటే ఊరు అదే అంటుంది. ఆయన ఈ ఊళ్లో ఉండాలో వద్దో ఆమె నోట్లో ఉంది.

“ముందెవులొచ్చినారు?” అని అడిగింది.

“గవరయ్యే.”

“మా మావే వత్తాడు. ఒకపాలి ఎనకబడిపోనాడని ఆ పూట పని నేదని పంపేసినారట మీరు. జొరంతో ఉన్నాడట ఆ రోజు. ఇంక సచ్చినా ఎనకబడనని ఉత్తరం రాయించినాడు.” నేల మీదున్న నన్ను చూసింది. “ఆ పొద్దు ఊదినారని నేను మిమ్మల్నేటీ అనను బావూ. పేణాలు దక్కాలనే ఊదినారు. దానికి ముందర రోజూ ఊదినారే, సివరోడికి పని నేదని, ఆటికి అంటాను.”

ఆయన ఏడవలేదు. ఆ మాట కోసమే ఇన్నాళ్లూ ఎదురుచూసినట్టు తలాడించాడు. “నన్నేం చెయ్యమంటావమ్మా?”

“ఇంకా పది గడపలున్నాయి. ఎల్లి సెప్పండి. ఊరొదిలి పోడం ఆ తరవాత సూసుకుందురు గాని. నానూ వత్తాను.”

వాన మొదలైంది. ఆ వానలోనే ఇద్దరూ బయలుదేరారు. ఆయన గుప్పిట్లో నేను. ఒక ఇంట్లో విన్నవాళ్లు తలుపు వేసేశారు. ఒక ఇంట్లో పెద్ద కొడుకు ఆయన మీద చెయ్యి ఎత్తి దించేశాడు. ఇంకో ఇంట్లో ఆయన్ను కూర్చోబెట్టి, తల తుడుచుకోమని తువ్వాలు ఇచ్చారు. దాన్ని ఆయన తట్టుకోలేక బయటికొచ్చేశాడు. ప్రతి గుమ్మం దగ్గరా దాలమ్మ బయటే నిలబడింది. ఆయన నిజంలో ఒక్క ముక్క మింగినా లోపలికి వచ్చి అడిగేదే.

చివరి గడప కుర్మయ్యది. ఇంట్లో అతని తల్లి పోలమ్మ ఒక్కతే ఉంది. చూపు లేదు. కుక్కి మంచం మీద కూర్చుని ఉంది.

“ఎవులది?”

“నేనమ్మా, లోకనాథాన్ని.”

“రా నాయినా, రా.” ముసలామె గాలిలో తడిమి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ చేతిలో నేనున్నాను. ఆమె వేళ్లు నన్ను తాకాయి గాని నేనేమిటో ఆమె అడగలేదు. “మా కుర్రోడి ముచ్చట ఇంకోపాలి సెప్పు. నిద్దట్లోనే గదా? నొప్పి తెలీనేదు గదా? నాను ఆ మాటే పట్టుకుని రాత్తిర్లు తొంగుంటన్నాను నాయినా.”

లోకనాథం నోరు తెరిచాడు. తొమ్మిది ఇళ్లలో నిజం చెప్పి వచ్చిన నోరు. అలాగే తెరిచిన నోటితో గుమ్మం వైపు చూశాడు.

దాలమ్మ చూరు కింద తడుస్తూ ఉంది. లోపలికి వచ్చి, చీర కొంగు పిండుకుని, మంచం పట్టె మీద ముసలామె పక్కన కూర్చుంది.

“నిద్దట్లోనే అత్తా,” అంది. “ఆ పక్కనే మా మావ గూడా తొంగున్నాడు.”