కుటుంబంతో సహా

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. జిన్నింగు మిల్లు రేకుల కింద గాలి ఆడటం లేదు. రెబ్కా ముక్కుకు గుడ్డ కట్టుకుని, గంపలోని పత్తిని దోసిళ్లతో ఎత్తి, గింజ తీసే మిషను జిన్నుకు అందిస్తోంది. పొద్దున ఎనిమిదింటి నుంచి నిలబడే ఉంది. చెమటకు అంటుకున్న నూగు మెడ చుట్టూ దురద పెడుతోంది. గోకుకుందామంటే చేతులు ఖాళీ లేవు. జిన్ను ఆగదు. మనిషే దాని వేగానికి అమరాలి.

పక్క జిన్ను దగ్గర మూడు నెలల కిందటి దాకా పుల్లమ్మ నిలబడేది. ఇప్పుడు అక్కడ కొత్త మనిషి. ఆమె పైట కొంగును నడుముకు రెండు చుట్లు చుట్టి ముడి వేసుకుంది. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. పుల్లమ్మ సంగతి విన్న ఆడవాళ్లంతా ఈ సీజనులో పైటలు అలాగే బిగిస్తున్నారు.

గుమాస్తా వచ్చి, మిషన్ల రొదలో వినపడేట్టు చెవి దగ్గర అరిచాడు. “రెబ్కా! అయ్యగారు రమ్మంటన్నారు. మీ ఆయన కూడా ఆఫీసులోనే ఉన్నాడు.”

ఆఫీసు గదిలో ఫ్యాను తిరుగుతోంది. యజమాని వెంకటనారాయణ గారు బల్ల వెనక కూర్చుని ఉన్నారు. ఇమ్మానియేలు గ్రీజు చేతులు వెనక్కి పెట్టుకుని గోడవార నిలబడ్డాడు. అతను ఆ మిల్లులో పన్నెండేళ్లుగా ఫిట్టరు.

“కూచోండి ఇద్దరూ,” అన్నారు వెంకటనారాయణ గారు.

భార్యాభర్తలు మొహాలు చూసుకున్నారు. ఆ గదిలో బెంచీ ఉందని ఎరుగుదురు గాని, దాని మీద కూర్చోమన్న మాట ఎన్నడూ వినలేదు. చివరికి అంచున, జారిపోతామేమో అన్నట్టు ఒదిగి కూర్చున్నారు.

ఆయన రెండు ముదురు నీలం పుస్తకాలు ముందుకు జరిపారు. “పాసుపోర్టులు. హైదరాబాదులో మనవాడు ఉండబట్టి రెండు నెలల్లో వచ్చినయ్యి. పదమూడున ఇక్కణ్ణించి బయల్దేరతారు. పదిహేనున బొంబాయిలో విమానం. సోమవారం వచ్చి అగ్రిమెంటు మీద సంతకాలు పెట్టండి.”

నైజీరియాలో కానో అనే ఊళ్లో ఆయన బావమరిది వాటాతో పత్తి మిల్లు పెట్టాడు. ఇమ్మానియేలు అక్కడ హెడ్ ఫిట్టరు. నెలకు మూడు వేలు, ఉండటానికి ఇల్లు, పిల్లకు బడి. ఇక్కడ ఇమ్మానియేలు జీతం నాలుగు వందల ఇరవై. రెబ్కా కూలి రోజుకు ఆరు రూపాయలు.

ఇమ్మానియేలు గొంతు సవరించుకున్నాడు. “అయ్యగారూ, ముందు నేనొక్కణ్ణే పోయి చూస్తానండీ. కుదురుకున్నాక వీళ్లని పిలిపించుకుంటా. పిల్లకి పరీక్షలున్నయ్యి.”

“వద్దు వద్దు.” ఆయన మాట పూర్తి కానివ్వలేదు. “ఒంటరి మగాళ్లు అక్కడ నిలవర్రా. తాగి చెడిపోతారు. కుటుంబంతో సహా వస్తేనే తీసుకుంటానన్నాడు మావాడు. పోతే ముగ్గురూ, లేకపోతే ఎవరూ వద్దు.”

రెబ్కా పాసుపోర్టు తెరిచి చూసింది. చిలకలూరిపేట స్టూడియోలో తీయించుకున్న ఫొటోలో తను బిగుసుకుపోయి ఉంది. తన పేరు కింద ఎనిమిదేళ్ల కూతురు ఎస్తేరు పేరు. ఆ అక్షరాల మీద వేలు పెట్టబోయి, వేలికి మురికి ఉందని వెనక్కి తీసుకుంది.

వెళ్లాలని ఇమ్మానియేలు కంటే ఆమెకే ఎక్కువగా ఉంది. ఆమెను లాగింది మూడు వేల జీతం ఒక్కటే కాదు. మొన్న ఆగస్టు పదిహేనున బడిలో పరుగుపందెంలో ఎస్తేరు మొదట వచ్చింది. బహుమతి ఇవ్వడానికి వచ్చిన పెద్దమనిషి మిగతా పిల్లలకు చేతికిచ్చి భుజం తట్టాడు. ఎస్తేరు వంతు వచ్చేసరికి బహుమతి పలకను పైనుంచి దాని చేతుల్లోకి జారవిడిచాడు. పిల్ల పట్టుకోలేకపోయింది. పగిలిన పలకతో ఇంటికి వచ్చి, “నాదే తప్పమ్మా, సరిగ్గా పట్టుకోలా” అంది. ఆ రోజు నుంచి రెబ్కాకు ఈ ఊళ్లో ఊపిరాడటం లేదు. కానోలో తాము ఊరి బయట పల్లెవాళ్లమని ఎవరికీ తెలియదు. అక్కడ తన బిడ్డ చేతిని తాకడానికి ఎవరూ వెనకాడరు. ఆ ఒక్క ఊహ కోసం ఆమె పటంలో సముద్రాన్ని కూడా దాటి చూసుకుంది.

*

మర్నాడు ఈస్టరుకు ముందొచ్చే మట్టలాదివారం. గుడిలో ఆరాధన అయ్యాక రెబ్కా పుల్లమ్మ ఇంటికి వెళ్లింది. చెప్పకుండా వెళ్లిపోవడానికి మనసు ఒప్పలేదు.

పుల్లమ్మ వాకిట్లో గోనె పరుచుకుని మిరపకాయలకు తొడాలు తీస్తోంది. కుడిచెయ్యి మోచేతి పైదాకా లేదు. కాయను కాలి బొటనవేలి కింద అదిమిపెట్టి ఎడమచేత్తో తొడిమ లాగుతోంది. కిలోకు పదిహేను పైసలు. రెండు చేతులున్నవాళ్లు రోజుకు ముప్పై కిలోలు తీస్తారు. పుల్లమ్మ ఎనిమిది తీస్తుంది. మిరప ఘాటుకు పాదాల పగుళ్లు ఎర్రగా నోళ్లు తెరిచి ఉన్నాయి.

పక్కన నులకమంచం మీద ఎలిమెంటరీ స్కూలు మాస్టరు సంజీవరావు కూర్చుని ఉన్నాడు. పుల్లమ్మ తరఫున లేబరాఫీసుకు నష్టపరిహారం అర్జీ రాసింది ఆయనే.

“పంతొమ్మిదిన గుంటూరులో ఎంక్వైరీ వేశారమ్మా,” అన్నాడాయన రెబ్కాను చూడగానే. “కబురు చేద్దామనుకుంటున్నా. సాక్షులు నువ్వూ మీ ఆయనే గదా.”

రెబ్కా నిలబడిపోయింది. జనవరిలో సాక్ష్యం చెప్తానని ఒప్పుకున్న మాట నిజమే. ఆ తర్వాత నెలలు గడిచాయి, తారీకు రాలేదు. రాదులే అని తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది.

“మేం పదమూడున పోతన్నాం మాస్టారూ,” అంది మెల్లగా.

సంజీవరావు వేళ్ల మీద నెలలు లెక్కపెట్టాడు. “సాక్షుల పేర్లతో అర్జీ నకలు మీ ఓనరుకి జనవరి ఆఖర్లో అందింది. నైజీరియా మాట మీతో ఎప్పుడన్నాడు?”

“ఫిబ్రవరి మొదట్లో.”

“అంటే మీ పేర్లు చూశాకే,” అన్నాడాయన.

పుల్లమ్మ తల ఎత్తింది. “పోండే తల్లీ, పోండి. నువ్వాగితే నా చెయ్యి మొలుచుద్దా? ఆ పిల్లన్నా బాగుపడుద్ది.” మరో కాయ బొటనవేలి కింద పెట్టి, తీయకుండా అలాగే ఉంచింది. “పోయేముందు ఒక్కటి చెప్పు. ఆ రోజు మిషను బెల్టుకి అడ్డంగా ఇనప జాలీ ఉందా, లేదా?”

“లేదు గదక్కా. నీకు తెలవదా?”

“తెలుసు. కానీ నేనే తీసి చెయ్యి పెట్టానని గుమాస్తా అంటన్నాడు, అయ్యగారంటన్నారు. మా అన్న కూడా అడిగాడు, ఏవన్నా పొరపాటున తీశావా అని. వినీ వినీ ఒకోసారి నాకే అనుమానమొస్తంది, నిజంగా నేనే తీశానేమోనని.” పుల్లమ్మ బొటనవేలి కింది కాయను పక్కకు తోసేసింది. “చెయ్యి పోతే పోయింది. నాకు మతి కూడా పోయిందా ఏంది?”

రెబ్కా గోనె మీద ఆమె పక్కన కూలబడింది. ఒక గుప్పెడు కాయలు ముందుకు లాక్కుని తొడాలు తీయసాగింది.

*

ఇంటికి వచ్చేసరికి ఇమ్మానియేలు కొత్త రేకుపెట్టెకు తాళం బిగించి చూస్తున్నాడు. వాళ్లుండేది మిల్లు వెనక, పనివాళ్లకు వరసగా కట్టించిన లైనిళ్లలో. ఎస్తేరు పక్కింటి పిల్లలకు కానోలో ఏనుగులుంటాయని చెబుతోంది.

రెబ్కా గడపలోనే అడిగింది. “ఎంక్వైరీ పంతొమ్మిదినని నీకు తెలుసా?”

అతను తాళంచెవి తిప్పడం ఆపాడు. “తెలుసు.”

“నాకెందుకు చెప్పలా?”

“చెప్తే నువ్వు రానంటావని.”

పుల్లమ్మ చెయ్యి పోయిన రోజు ఇద్దరికీ కళ్ల ముందే ఉంది. బెల్టు మీద ఇనప జాలీని సీజను మొదట్లోనే తీసేశారు. జాలీ ఉంటే గింజ ఊడ్చినప్పుడల్లా మిషను ఆపాలి. మళ్లీ పెడదామని ఇమ్మానియేలు రెండుసార్లు అడిగాడు. సీజను కానీరా అన్నారు అయ్యగారు. గింజ ఊడుస్తున్న పుల్లమ్మ పైట కొంగును బెల్టు అందుకుంది. ఆమెను గుంటూరు ఆసుపత్రికి పంపాక, నేల కడిగించాక, వెంకటనారాయణ గారు ఇమ్మానియేలును పిలిచి జాలీ బిగించమన్నారు. మర్నాడు ఫ్యాక్టరీ ఇన్స్పెక్టరు వచ్చేసరికి అది అక్కడ పదేళ్లుగా ఉన్నట్టే ఉంది. బోల్టులు బిగిస్తున్న భర్తను రెబ్కా గంప పట్టుకుని నిలబడి చూసింది.

“నాకు మాత్రం సరదానా?” ఇమ్మానియేలు గొంతు లేచింది. “రోజూ ఆ జాలీ పక్కనే పని చెయ్యాలి. అది కనపడని చోటికి పోదామనే నా బాధ. ఎంక్వైరీలో నోరు తెరిస్తే ముందు నన్నే పట్టుకుంటారంట. అయ్యగారే అన్నారు.”

“ఆయన నిన్ను ఒక్కణ్ణే పంపనన్నాడు గదా, ఎందుకో ఆలోచించావా?”

“ఎందుకు?”

“నీ భయం నీ నోరు కట్టేస్తదని ఆయనకి తెలుసు. నా నోరు కట్టేసేది ఇక్కడ ఏం లేదు.” రెబ్కా గొంతు తగ్గించింది, బయట పిల్ల వింటుందని. “ఆయన నిన్ను పనికి పంపట్లా. నన్ను ఊరు దాటిస్తన్నాడు.”

ఇమ్మానియేలు రేకుపెట్టె మీద కూర్చున్నాడు. “అయితే కానో వద్దా?” అన్నాడు.

“నాకు కావాలి!” అంది రెబ్కా, ఏడుపు ఆపుకోలేక. “నీకంటే నాకే కావాలి. అదే గదా నా బాధ.”

*

సోమవారం పదింటికి మళ్లీ అదే బెంచీ. ఈసారి గుమాస్తా రెండు గ్లాసుల్లో టీ కూడా తెచ్చి పెట్టాడు. బల్ల మీద ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం, దాని మీద పెన్ను, పక్కన పాసుపోర్టులు.

“మూడేళ్ల అగ్రిమెంటు. ఇద్దరూ పెట్టాలి సంతకం,” అన్నారు వెంకటనారాయణ గారు.

రెబ్కా టీ ముట్టుకోలేదు. “అయ్యగారూ, ఒక్క వారం ఆగి పోతామండీ. పంతొమ్మిది దాటినాక ఏ రోజైనా సరే.”

“విమానమంటే ఆర్టీసీ బస్సనుకున్నావా అమ్మాయ్, ఇది పోతే తర్వాతది ఎక్కటానికి? టిక్కెట్లు కొనేశారు.”

“పోనీ ఆయన్ని పంపండి. నేనూ పిల్లా వెనక వస్తాం.”

“అట్టా కుదరదని మొన్ననే చెప్పానా?”

“ఎందుకు కుదరదండీ? మిషను పని తెలిసింది ఆయనకి. అక్కడ నాతో పనేముందండీ?”

వెంకటనారాయణ గారు అగ్రిమెంటు కాగితాన్ని ఆమె ముందుకు నెట్టారు. మొహంలో మెత్తదనం పోయింది. “ఎవడో పంతులు చెవిలో ఊదితే ఎగురుతన్నావు. పుల్లమ్మకి ఆసుపత్రి ఖర్చు నేను పెట్టలా? మీ బతుకులు బాగుచేద్దామని నేను తిరుగుతంటే, నోటికాడి కూడు కాలదన్నుకుంటారా?”

రెబ్కా బెంచీ మీంచి లేచింది. బల్ల అంచు పట్టుకుంది.

“పోవాలనే ఉందండీ మాకు. కానీ పుల్లమ్మక్క చెయ్యిని తొక్కుకుంటా విమానమెక్కలేనండీ. నేను సంతకం పెట్టను.”

ఆ మాట అన్నాక తన గొంతేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆ బల్లకు ఇవతల నుంచి ‘పెట్టను’ అన్న మాట ఆమె ఎవరి నోటా వినలేదు.

వెంకటనారాయణ గారు ఆమెను వదిలేసి అతని వైపు తిరిగారు. “మగాడివి నువ్వు. నువ్వు చెప్పరా ఇమ్మానియేలూ. దీన్ని దారిలో పెట్టుకుంటావా, జైల్లో కూచుంటావా?”

ఇమ్మానియేలు కాగితం వైపే చూస్తున్నాడు. పెన్ను తీసుకుంటాడనే అనుకుంది రెబ్కా. తీసుకుంటే ఏమనాలో కూడా ఆమె ఆలోచించుకోలేదు. అతను గ్రీజు చేతులు తొడలకు తుడుచుకుని లేచి నిలబడ్డాడు.

“ఆ జాలీ నేనే బిగించానండీ,” అన్నాడు. “చెయ్యి పోయినాక, సాయంత్రం ఆరింటికి, నేనే బిగించానండీ. మీరు బిగించమంటే.”

“నాకు తెలవదట్రా ఆ సంగతి? నాకెందుకు చెప్తన్నావు?”

“నోరు తిరుగుద్దో లేదో చూసుకుంటన్నానండీ. పంతొమ్మిదిన చెప్పాల గదా.”

వెంకటనారాయణ గారు పాసుపోర్టులు రెండూ అందుకుని సొరుగులో వేసి, తాళం తిప్పారు.

“సాయంత్రానికి లైనిల్లు ఖాళీ చెయ్యండి. పనిలోకి రావద్దు. పోండి.”

ఇమ్మానియేలు తలుపు వైపు తిరిగాడు. రెబ్కా కదలలేదు. ఇల్లు పోయింది, కూలి పోయింది, కానో పోయింది. ఎస్తేరు బడి నుంచి వచ్చేసరికి దానికేం చెప్పాలో తెలియదు. అయినా ఆమె చెయ్యి చాచింది.

“అవి మావండీ. మా ఫొటోలు, మా పేర్లు. ఇచ్చేస్తే పోతాం.”

“పొమ్మన్నానా!”

“ఇస్తే పోతామండీ.”

ఇమ్మానియేలు వెనక్కి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. అవతల జిన్నులు గోలగా తిరుగుతున్నాయి. ఆయన సొరుగు తెరవలేదు. ఆమె చెయ్యి దించలేదు.