లాండ్రీ పైన మధ్యిల్లు

ముందే చెబుతున్నాను, నా రాతలో తప్పులుంటాయి. ఒత్తు పెట్టాల్సిన చోట మరిచిపోతాను, అక్కర్లేని చోట దీర్ఘం తీస్తాను. రాయడం కూడా మెల్లగానే. ఒక వాక్యం ముగిసేసరికి కిటికీలోని ఎండ గోడ దిగి నేల మీదికి వచ్చేస్తుంది. పెద్దతనంలో అక్షరాలు పట్టుకున్న చెయ్యి ఇది, దాని నడక అంతే. మీరూ తొందరపడకుండా నాతో పాటు రండి.

నాకు అక్షరాలు వచ్చింది బడిలో కాదు, కళ్ళజోళ్ళ దుకాణంలో. నా కోడలు అక్కడ కళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం చేస్తుంది. మా ఆయన చనిపోయిన ఏడు, నా చూపు మందగించిందని నన్ను తీసుకెళ్ళి, చీకటి గదిలో ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టింది. ముక్కు మీద బరువైన ఇనుప చట్రం పెట్టి, అందులో ఒక అద్దం తీసి ఇంకో అద్దం వేస్తూ "ఇప్పుడెలా ఉంది అత్తయ్యా? ఇప్పుడో?" అని అడిగింది. ఎదురుగా అక్షరాల పలక వెలుగుతోంది. మొదట అంతా పొగమంచు. అద్దం మారేకొద్దీ ఆ మంచులోంచి నల్లటి ఆకారాలు ఒక్కొక్కటే ఒడ్డుకు వచ్చాయి. పైనున్నది గుండ్రంగా ఉంది, పక్కన కొక్కెం ఉంది అన్నాను. దాని కిందిది చుట్ట చుట్టుకుని పడుకుంది అన్నాను. నాకు లేనిది చూపు కాదు, చదువని ఆమెకు అప్పుడు తెలిసింది. నవ్వలేదు. మర్నాటి నుంచి దుకాణం మూసే వేళకు రమ్మని, అదే కుర్చీలో కూర్చోబెట్టి, పై వరుస నుంచి నేర్పడం మొదలుపెట్టింది. పెద్ద అక్షరాలు ముందు, చిన్నవి తరువాత.

ఆ గదిలోనే ఒక సాయంత్రం, నేను నాలుగో వరుస కూడబలుక్కుంటూ ఉండగా, ఆమె పలక వైపే చూస్తూ చెప్పింది.

"అత్తయ్యా, నేను మీ అబ్బాయితో ఇక ఉండలేను."

పలక మీద అక్షరాలు కాసేపు ఈదాయి.

మావాడు కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషీ కాదు. మాట్లాడడు, అంతే. లిఫ్టులు బాగుచేసే పని వాడిది. పగలంతా ఎత్తయిన భవనాల లోపల, బావుల్లాంటి చీకట్లో, ఇనుప తాళ్ళ మధ్య ఉంటాడు. వస్తూ వస్తూ ఆ చీకటిని ఇంటికి కూడా తెచ్చుకునేవాడు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు చిన్నప్పటి నుంచీ అంతే. పెళ్ళయ్యాక వాడి మాటలన్నీ నేనే మోసేదాన్ని. పెళ్ళాం పక్క గదిలోనే ఉన్నా "కారం తగ్గించమను", "రేపు ఆలస్యమవుతుందని చెప్పు", "పిట్టకు చెప్పులు బిగుతయ్యాయి, చూడమను" అని నాతో అనేవాడు. పిట్ట అంటే వాళ్ళ కూతురు, నా మనవరాలు, ఆరేళ్ళది. ఇన్ని మాటలు మోయిస్తున్నావు, కూలి ఎప్పుడిస్తావురా అని నేను ఎగతాళి చేసేదాన్ని. వాడు నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వుక్కూడా చప్పుడుండేది కాదు.

"లిఫ్టు మధ్యలో ఆగిపోయినట్టుంది అత్తయ్యా. మీట నొక్కుతూనే ఉన్నాను. ఎవరూ రావట్లేదు" అంది కోడలు.

సర్దుకుపొమ్మనే మాట నా నోటి దాకా వచ్చింది. పలక వెలుగులో ఆమె ముఖం చూశాక ఆ మాటను మింగేశాను. నాకు వేరే భయం పట్టుకుంది. కోడలు వెళితే పిట్ట వెళుతుంది. విడాకులయ్యాక కోడలికి నేనేమవుతాను? ఏమీ కాను. మరి పిట్టకో? ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే, కళ్ళజోడు పెట్టుకునే ఉన్నా, వీధి దీపాలన్నీ మసకగా, ఉబ్బిపోయి కనిపించాయి.

ఆమె మావాడికీ చెప్పింది. వాడు తల ఊపాడు. సరేననో, వినిపించిందనో.

లాయర్ని పెట్టుకునే స్తోమత లేని వాళ్ళకు ఉచితంగా సాయం చేసే కార్యాలయం ఒకటుందని తెలిసింది. ఒంటరిగా వెళ్ళడానికి కాళ్ళు రావడం లేదని కోడలు అంటే నేను తోడు వెళ్ళాను. పాత భవనం, మొదటి అంతస్తు. వరండాలో బల్లలు, ఒక మూల చేపల తొట్టి. లోపలి గదికి తెల్లని మసక అద్దం తలుపు. లాయరమ్మది బొంగురు గొంతు. మేమిద్దరం కూర్చోగానే నన్ను చూసి, అమ్మగారా అని అడిగింది. అత్తగారినన్నాను. ఆవిడ కలం ఆగింది.

"అంటే అవతలి పక్షం తల్లి. మీరిక్కడ ఉండకూడదమ్మా. బయట కూర్చోండి. కోపం తెచ్చుకోకండి, ఇది మీ కోడలి కోసమే."

కోపమెందుకు, బయటికొచ్చి తొట్టి పక్కన కూర్చున్నాను. బల్ల మీద ఇంకో ఆవిడ ఉంది, తన పని మీద వచ్చింది. ఎవరితో వచ్చారంటే చెప్పాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "అత్త లేని కోడలు ఉత్తమురాలని విన్నాను గాని, కోడల్ని లాయరు దగ్గరికి చెయ్యి పట్టుకు నడిపించే అత్తను ఈ జన్మలో చూడలేదు. మా అత్తను కాస్త మీ దగ్గరికి పంపిస్తాను, నేర్పుతారా?" అంది. ఇద్దరం నవ్వాం. తొట్టిలో చేప ఒకటి అద్దం దాకా వచ్చి, మూతి ఆనించి, వెనక్కి తిరిగి పోతోంది. మసక అద్దం వెనక కోడలి ఆకారం నీళ్ళ అడుగున ఉన్నట్టు కదులుతోంది. చెయ్యి ఎత్తింది, కళ్ళు తుడుచుకుంది కాబోలు. మాట ఒక్కటీ వినపడదు. అలా చూస్తూ ఉంటే నేను అద్దానికి ఇటువైపు ఉన్నానో అటువైపు ఉన్నానో నాకే తెలియలేదు.

మావాడూ ఒక లాయర్ని పెట్టుకున్నాడు. ఇద్దరూ ఇష్టపడే విడిపోతున్నారు కాబట్టి పెద్దగా పేచీ లేదన్నారు. పిట్ట తల్లి దగ్గర ఉంటుంది, వారం చివర తండ్రి దగ్గరికి వస్తుంది. చిక్కు ఒక్కచోటే పడింది. పిల్లను ఒకరి నుంచి ఒకరు ఎక్కడ తీసుకోవాలి? ఆమె వేరుగా తీసుకున్న కొత్త ఇంటి గడప వాడు తొక్కడు. మా ఇంటి మెట్లు ఆమె ఎక్కదు. ఇంతా చేసి చిక్కుపడింది పిల్ల దగ్గర కాదు, గుమ్మం దగ్గర.

అందుకోసం మమ్మల్ని కోర్టులో మధ్యవర్తి గదికి పిలిచారు. మధ్యవర్తి వయసు మళ్ళిన మనిషి. ఎంత తగ్గు స్వరంతో మాట్లాడతాడంటే, వినాలంటే అందరూ బల్ల మీదికి వంగాల్సిందే. అలా తలలు దగ్గరికి వస్తే తగువు పెరగదని ఆయనకు తెలుసు కాబోలు. పార్కు గేటు దగ్గరన్నారు, వానొస్తే ఎలా అన్నారు. పోలీసు స్టేషను అన్నాడు మావాడి లాయరు. నా పిల్ల పార్సిలు కాదు, అక్కడి బల్ల మీద కూర్చోబెట్టడానికి అంది కోడలు. ఆ తరువాత, నా వైపు చూడకుండా, అత్తయ్య దగ్గరైతే నాకిష్టమే అంది.

లాయరమ్మ తల అడ్డంగా ఊపింది. ఈవిడ ఉండేది కొడుకు ఇంట్లో, అక్కడికి వెళ్ళడమంటే ఆ మెట్లే ఎక్కడం కదా అంది. అది నిజమే. మధ్యవర్తి నా వైపు తిరిగాడు.

"పెద్దమ్మా, మీరు వేరే ఉంటే కుదురుతుంది. మీ గడప ఇద్దరిదీ అవుతుంది."

నేను ఒంటరిగా ఉన్న రోజు నా బతుకులో లేదు. నాన్న ఇంటి నుంచి ఆయన ఇంటికి, అక్కణ్ణించి ఇద్దరం కొడుకు ఇంటికి. పంకా కింద కాగితాలు లేచి పడుతున్నాయి. నాకు ఆ గది మెల్లగా నీళ్ళతో నిండుతున్నట్టు అనిపించింది. ఆ నీళ్ళలో ఇంకా ఎక్కడా లేని ఒక గది తేలుతూ కనిపించింది. కిటికీ, చిన్న చాప, చాప మీద పిట్ట. తలుపు మాత్రం రెండు వైపులా తెరుచుకుంటోంది.

"ఉంటాను" అన్నాను.

షరతులు చదివారు. అందులో ఒకటి ఇది: నేను వాళ్ళిద్దరి మధ్య మాటలు మోయకూడదు. అటు కబురు ఇటు, ఇటు కబురు అటు చెప్పినట్టు ఎవరు ఫిర్యాదు చేసినా, పిల్లను అప్పగించే చోటు స్టేషనుకు మారుతుంది. సంతకం చోట నేను పేరు రాస్తున్నంతసేపూ అందరూ ఆగారు. కోడలు మాత్రం నా వేలి వెంట కళ్ళు కదుపుతూ కూర్చుంది, పలక ముందు కూర్చున్నట్టే.

గది దొరికింది లాండ్రీ పైన. అద్దెకు బదులు లాండ్రీకి వచ్చే బట్టలకు బొత్తాలు కుట్టిపెడతాను. నా పెట్టె మోసుకొచ్చిన రోజు మావాడు గుమ్మంలో నిలబడి, ఎప్పుడూ లేనిది, ఒక మాటన్నాడు.

"గోడ మీద పిల్లివైపోయావమ్మా నువ్వు."

"గోడ మీద కూర్చుంటేనే కదరా రెండిళ్ళూ కనిపించేది" అన్నాను. వాడు పెట్టె దించి వెళ్ళిపోయాడు.

ఇక్కడ నేల ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. కింద ఇస్త్రీ ఆవిరి చెక్కల సందుల్లోంచి పైకి వస్తుంది. మధ్యాహ్నాలు కిటికీ అద్దం మసకబారుతుంది, వీధి కలలో వీధిలా అయిపోతుంది. మనుషులు నడుస్తున్నట్టుండదు, తేలుతున్నట్టుంటుంది.

మొదటి అప్పగింత ఆదివారం సాయంత్రం. మావాడు పిల్లను దింపి వెళ్ళాలి, కాసేపాగి కోడలు వచ్చి తీసుకెళ్ళాలి. ఎదురుపడక్కర్లేకుండా అలా రాశారు. పిట్ట లోపలికి వచ్చీ రాగానే అద్దం మీద వేలితో చేప బొమ్మ గీసింది. మావాడు చెప్పులు విడవకుండా గుమ్మంలోనే ఉన్నాడు.

"అమ్మా, పిట్టకు పన్ను కదులుతోంది. గట్టివి పెట్టొద్దని చెప్పు."

ఎంత చిన్న మాట. పిల్ల మేలు కోరే మాట. చెబితే ఎవరికి తెలుస్తుంది? నా నాలుక దానికదే తయారైపోయింది, ఏళ్ళ అలవాటు. కాని ఇవాళ పన్ను, రేపు చెప్పులు, ఎల్లుండి ఒక నిష్ఠూరం. ఆ వరసన ఏదో ఒక రోజు పిట్ట స్టేషను బల్ల మీద కూర్చోవాల్సి వస్తుంది.

"నేను చెప్పనురా. నువ్వే చెప్పుకో" అన్నాను.

వాడు నన్ను పరాయిదాన్ని చూసినట్టు చూశాడు. వెనుదిరిగాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు కొన్ని వినిపించి ఆగిపోయింది. తొంగి చూస్తే సగం మెట్ల మీద, ఆవిరిలో, మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. పిలవలేదు నేను. వెళ్ళి సూదిలో దారం ఎక్కించబోయాను. దారం ఎక్కలేదు.

కోడలి అడుగులు కింద వినిపించాయి. వాణ్ణి చూసి ఆగినట్టున్నాయి. కింద ఇస్త్రీపెట్టె నిట్టూర్చింది. అప్పుడు మావాడి గొంతు వినిపించింది, ఎన్నాళ్ళుగానో వాడని బిందె మూత తీసినట్టు.

"పిట్టకు పన్ను కదులుతోంది. కింద, ఎడమవైపు. గట్టివి కొరకలేకపోతోంది. ఊడితే భయపడుతుందేమో, ముందే చెప్పి ఉంచు."

"సరే, చెబుతాను" అంది కోడలు. ఒక మెట్టెక్కి, "ఊడిన రోజు మీకూ చెబుతాను" అంది.

అంతే. వాడు గోడకు ఒదిగి దారిచ్చాడు, ఆమె పైకి వచ్చింది, వాడు దిగిపోయాడు. వాళ్ళు మళ్ళీ కలిసి కాపురం చెయ్యలేదు, చెయ్యరు కూడా. ఆ చలికాలంలోనే కోర్టు విడాకులు ఇచ్చింది. కాని వాడు మాత్రం ఇప్పటికీ ఆదివారాలు సగం మెట్ల మీద కూర్చుంటాడు, ఏదైనా చెప్పాల్సి ఉంటే. చెప్పాల్సింది ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది.

వాళ్ళు మెట్ల మీద మాట్లాడుకునే ఆ కాసేపు, గదిలో పిట్టా నేనూ మిగులుతాం. అది అద్దం మీద అక్షరం గీస్తుంది, నేను చదువుతాను. చదివేలోపు ఆవిరి దాన్ని చెరిపేస్తుంది. "మళ్ళీ రాస్తాలే నానమ్మా" అంటుంది.

ఇట్లు,
మధ్యింటి నానమ్మ (పిట్ట పిలిచే పిలుపు), వయసు అరవై ఎనిమిది. ఇప్పుడు ఉండేది లాండ్రీ పైన, మెట్లెక్కగానే ఎడమవైపు గది. తలుపు తీసే ఉంటుంది.