ఎర్ర పట్టు చుట్టిన కర్ర

నేను ఒక హాకీ కర్రని. అందరూ స్టిక్ అంటారు గానీ, కర్ర అన్నా నాకేం చిన్నతనం లేదు, నేను నిజంగానే కర్రని కదా! ఈ రోజుల్లో మైదానంలో తిరిగేవన్నీ కార్బన్‌వి, ఫైబర్‌వి. నాది అచ్చమైన మల్బరీ చెక్క. ధర్మవరంలో ఒక మగ్గం పక్కన, గోడమేకుకి వేలాడుతూ మీతో మాట్లాడుతున్నాను. నా పక్క మేకుకి ఒక పాత ఇత్తడి గాజు ఉంది. దాని సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే నా కథంతా ఆ గాజు దగ్గరే తిరగబడింది.

నేను పుట్టింది జలంధర్ దగ్గర. ఒక పెద్దాయన నన్ను ఆవిరిలో ఉడికించి, మెత్తబడ్డాక కింది కొసని కొక్కెంలా వంచి, చల్లారేదాకా కట్టేసి ఉంచాడు. ఆ తర్వాత గీకి గీకి నున్నగా చేశాడు. నన్ను మొదట కొన్నది గుంతకల్లులో ఒక టికెట్ కలెక్టరు. రోజూ ఆడతానని భార్యకి మాటిచ్చి కొన్నాడు. రెండు ఆదివారాలు ఆడాడు. మూడో ఆదివారం నుంచి నాతో అటక మీది సంచులు దించడం, దోమతెర కట్టడం, పిల్లిని అదిలించడం! మనుషులు ఉత్సాహంగా కొన్నవాటిని ఎంత త్వరగా దోమతెర కర్రలు చేసేస్తారో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. చివరికి బదిలీ మీద వెళ్తూ, సామాను ఎక్కువైందని, ధర్మవరంలో ఉన్న డ్రిల్లు మాస్టారికి ఇచ్చేశాడు. ఆ మాస్టారు నన్ను తీసుకెళ్లి పన్నెండేళ్ల చౌడేశ్వరి చేతిలో పెట్టాడు.

అప్పుడు మొదలైంది నా అసలు బతుకు!

చౌడేశ్వరి నాన్న ఓబులేశు పట్టుచీరలు నేస్తాడు. మల్బరీ ఆకులు తిని పురుగులు పట్టు ఇస్తాయి, ఆ పట్టు ధర్మవరం వస్తుంది. మల్బరీ చెట్టు మానుతో చేసిన నేనూ అక్కడికే చేరాను. అంటే ఆకుకీ మానుకీ మళ్లీ చుట్టరికం కలిసిందన్నమాట. వాళ్లింట్లో తల్లి లేదు. ఆమె గాజు ఒకటి మాత్రం మగ్గం పక్క మేకుకి ఉంది. ఓబులేశు పొద్దున్నే దాన్ని ఒకసారి తాకి, ఆ తర్వాతే మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటాడు.

ఏడేళ్లు. పాడుబడిన బియ్యం మిల్లు గోడ మీద సుద్దతో గోలు గీసి, చౌడేశ్వరి రోజూ నాతో వందసార్లు బంతి విసిరేది. బంతిని నా మెడ వంపులో పట్టి, నేల మీద ఈడ్చుకుంటూ పరిగెత్తి, ఒక్కసారిగా గాల్లోకి విసరడం. దాన్ని డ్రాగ్ ఫ్లిక్ అంటారు. ఆ విసురు అందరికీ రాదు. ఆమెకొచ్చింది! పంతొమ్మిదో ఏట, సికింద్రాబాద్ స్పార్క్స్ అనే ప్రొఫెషనల్ జట్టు నుంచి ఫోన్ వచ్చింది. వాళ్ల ఫ్లిక్ వేసే అమ్మాయికి మడమ విరిగిందట, ఆమె కోలుకునేదాకా మూడు మ్యాచ్‌లు ఆడాలి, బాగా ఆడితే ఈ సీజనంతా జట్టులోనే ఉంచుకుంటారు. మూడే మూడు మ్యాచ్‌లు!

"నాయనా, కర్రకు ఏమన్నా సుట్టేటట్లుంటే లావుగా సుట్టొద్దు. ఆట ముందర రింగులో దూర్చి సూస్తారంట, దూరకుంటే ఆడనీరు" అని చెప్పి, ఆమె టికెట్ తెచ్చుకోవడానికి స్టేషనుకి వెళ్లింది.

ఓబులేశు నన్ను ఒళ్లో పెట్టుకున్నాడు. ఎర్ర పట్టు దారం కండె తీశాడు. నా మెడ చుట్టూ వరస మీద వరస, మధ్యలో మెరిసే జరీ, చివర నేతగాళ్లు మాత్రమే వేసే సన్నటి ముడి. చుట్టినంతసేపూ అతని కళ్లు నా మీద లేవు. వేళ్లే చూస్తున్నాయి. అప్పుడు అర్థమైంది నాకు.

"ఏమప్పా కర్రా" అన్నాడు నెమ్మదిగా. "నా కండ్లు సగానికి పైనే పొయినాయని నా బిడ్డకు తెలీదు. తెలిస్తే ఆట ఇడ్సిపెట్టి ఇంట్లో కూసుంటాది. ఆడ పదకొండు మందీ ఒగే రంగు అంగీలు ఏసుకుంటారంట. దాన్ని యాడని ఎతుక్కునేది నేను? మసక మసగ్గా ఎరుపొక్కటే తెలుస్తాంది నాకు. ఎర్రగా కనపడిందంటే అది నా బిడ్డే."

తర్వాత మేకు మీది గాజు తీసి నా మీదుగా దూర్చాడు. సులువుగా దూరింది. "మీ యమ్మ గాజులోనే దూరింది, ఇంగ యా రింగులోనైనా దూరుతాది" అని, ఇంట్లో లేని కూతురికి చెప్పి నవ్వుకున్నాడు. ఆమె తిరిగొచ్చాక ఆ గాజు సంగతొక్కటే మళ్లీ చెప్పాడు.

ఎరుపు ఎందుకో ఇంట్లో తెలిసింది ఇద్దరికే. ఒకరు చెప్పకూడదనుకున్నారు. రెండోవాళ్లకి నోరు లేదు.

సికింద్రాబాద్‌లో కోచ్ బెర్నార్డ్ సార్ నన్ను చూసి పగలబడి నవ్వాడు. "ఏంది బేటా ఇది, హాకీ స్టిక్కా, బతుకమ్మనా?"

"నాకు ఇచ్చెయ్యే, నా పెండ్లికి బ్లౌజు కుట్టించుకుంటా" అంది నౌషీన్. బొల్లారం పిల్ల, జట్టులో అందరికంటే నోరున్నది. ఆమె స్టిక్ కార్బన్‌ది, మిరపకాయలా ఎర్రగా ఉంటుంది.

"మా నాయన సుట్టినాడక్కా" అంది చౌడేశ్వరి, నన్ను గుండెకి ఆనించుకుని.

మొదటి మ్యాచ్. నీలం టర్ఫ్ మైదానం మీద నీళ్లు చల్లారు. జనం, డప్పులు, మైకులు! వరసలో నిలబెట్టి ఒక అధికారి అందరి స్టిక్‌లూ రింగులో దూర్చి చూస్తున్నాడు. రెండంగుళాల రింగు. నా వంతొచ్చింది. మెడ దగ్గర ఆగిపోయాను. ఇంకోసారి తోశాడు. దూరలేదు.

"ఇది తీసెయ్యమ్మా, లేకపోతే వేరే స్టిక్ తీసుకో. రెండు నిమిషాలుంది."

చౌడేశ్వరి నా ఎర్ర పట్టు మీద గోరు పెట్టింది. నాన్న వేసిన ముడి. తీయలేకపోయింది. ఎవరిదో స్టిక్ అడిగి తీసుకుని పరిగెత్తింది. నేను బెంచీ కింద పడుకుని చూశాను. అరువు స్టిక్‌తో మొదటి ఫ్లిక్ గోలుకి మూరెడు పైనుంచి పోయింది. రెండోది బంతి అసలు లేవనే లేదు. జట్టు ఓడింది.

సాయంత్రం ఫోన్‌లో ఓబులేశు అడిగాడు. "కర్ర బాగుండాదా మ్మా? దారం ఊడలేదు గదా?"

"గట్టిగా ఉండాది నాయనా" అంది. కన్నీళ్లు నా పిడి మీద పడుతున్నాయి.

రెండో మ్యాచ్ మంగళవారం. ఆ పొద్దున్నే హాస్టల్ గదిలో తలుపేసుకుని, కత్తెర తీసుకుంది. ఒక్కో పోగు తెగుతుంటే నాకు నొప్పి లేదు, నిజం చెప్తున్నాను, కానీ అరవాలనిపించింది. వద్దే తల్లీ, అది అలంకారం కాదే, మీ నాన్న కళ్లే అవి! ఎలా చెప్పను? తెగిన పట్టునంతా జాగ్రత్తగా చుట్టి, బ్యాగు లోపలి అరలో దాచుకుంది. పారెయ్యలేదు. అంత మాత్రం చేసింది.

ఆ రోజు నేను రింగులో గాలిలా దూరాను. మూడో క్వార్టర్‌లో అవతలి జట్టు తప్పుకి మాకు పెనాల్టీ కార్నర్ వచ్చింది. గీత మీద నుంచి బంతిని మా వైపు తోశారు, నౌషీన్ ఆపింది, చౌడేశ్వరి వంగింది. మిల్లు గోడ, సుద్ద గీత, ఏడేళ్లు, అన్నీ నా మెడలోకి వచ్చేశాయి. బంతి నన్ను వదిలిందెప్పుడో నాకే తెలియదు. గోల్‌కీపర్ చెయ్యెత్తేలోపు వల ఊగింది! నా బతుకులో అంత చక్కటి క్షణం ఇంకోటి లేదు. బెర్నార్డ్ సార్ టోపీ గాల్లోకి విసిరి, మళ్లీ దొరక్క వెతుక్కున్నాడు.

ఆ గోలు ఓబులేశు చూడలేదు. పక్కింటి టీవీ ముందు కూర్చుని ఎరుపు కోసం వెతికాడట. ఆ చిన్న తెర మీద ఏ ఎరుపూ ఆనలేదట. ఫోన్‌లో ఆ మాట చెప్పలేదు. "గోలు కొట్టినావంట గదే! ఈసారి నేనే వస్తాండా. ఒగసారి నా కండ్లతో సూడల్ల" అన్నాడు.

శనివారం మూడో మ్యాచ్‌కి వచ్చాడు. ఇస్త్రీ పంచె, తెల్ల చొక్కా, ముందు వరసలో కూర్చున్నాడు. చౌడేశ్వరి చెయ్యి ఊపింది. ఆయన ఆమె వైపు కాక, జట్టు మొత్తానికి కలిపి చెయ్యి ఊపాడు. ఆమె నవ్వుకుంది. నేను నవ్వలేదు.

చివరి నిమిషం. ఇరువైపులా గోలు లేదు. పెనాల్టీ కార్నర్! అందరికీ తెలుసు, ఇది పడితే ఆమె జట్టులో ఉంటుంది. చౌడేశ్వరి విసిరింది. బంతి గోల్‌కీపర్‌ని దాటింది, వెళ్లి పోస్టుకి తగిలింది. టంగ్ మంది. వెనక్కి దొర్లిన బంతిని నౌషీన్ తన ఎర్ర స్టిక్‌తో లోపలికి నెట్టేసింది. గెలిచారు!

జనం గోలలో నాకు ఒక్క గొంతే వినపడింది. "నా బిడ్డ! నా బిడ్డ కొట్టింది సామీ!" ఓబులేశు లేచి నిలబడి, పక్కనున్న వాళ్ల భుజాలు పట్టి ఊపేస్తున్నాడు.

ఆమె రెయిలింగు దగ్గరికి వెళ్లగానే రెండు చేతులతో ముఖం పట్టుకున్నాడు. "సూసినా మ్మా! నీ ఎర్ర కర్ర ఎట్ల మెరిసింది! కండ్లారా సూసినా!"

నా పిడి మీద ఆమె వేళ్లు బిగుసుకున్నాయి. ఎరుపు ఎందుకో, టీవీలో చూశానని ఎందుకు అనలేదో, చెయ్యి ఎటు ఊపాడో, ఆ ఒక్క క్షణంలో అన్నీ తెలిసిపోయాయి ఆమెకి. నన్ను మెల్లగా వీపు వెనక్కి దాచింది.

"అవు నాయనా" అంది.

అప్పుడే నౌషీన్ వచ్చింది. ఒకసారి ఆయన్ని చూసింది, ఒకసారి ఈమెని చూసింది. తన ఎర్ర స్టిక్‌ని తనూ వీపు వెనక్కి పెట్టుకుని, "మీ బిడ్డ సూపర్ అంకుల్, మమ్మల్ని గెలిపించింది" అంది.

మర్నాడు జాబితా అంటించారు. చౌడేశ్వరి పేరు లేదు. ఫ్లిక్ వేసే పాత అమ్మాయి కోలుకుంది. "రెండంగుళాలు ఇటు పడుంటే నువ్వుండేదానివి బేటా" అన్నాడు బెర్నార్డ్ సార్, ఆమె కళ్లలోకి చూడకుండా. రింగూ రెండంగుళాలే, తప్పిందీ రెండంగుళాలే.

ఇంటికొచ్చిన రెండో రోజు పొద్దున ఓబులేశు నన్ను ఒళ్లోకి తీసుకున్నాడు. ఊరంతా కూతురి గోలు గురించి చెప్పి వచ్చాడు, ఇంకో వరస జరీ చుడదామని ముచ్చట. వేళ్లు నా మెడ దగ్గరికి వచ్చి ఆగాయి. మళ్లీ పైనుంచి కిందికి తడిమాయి. పట్టు లేదు. కత్తెర గీరిన చోట మాత్రం చిన్న గరుకు. ఆ గరుకు మీద బొటనవేలు చాలాసేపు ఉండిపోయింది.

"రింగులో దూరలేదా మ్మా?"

చౌడేశ్వరి గడపలో నిలబడి ఉంది. "లేదు నాయనా. అమ్మ గాజు పెద్దది."

"అవు" అన్నాడు. "పెద్ద సెయ్యి ఆమెది."

మగ్గం మీద పడుగు దారాలు గాలికి కొంచెం కదిలాయి.

"మరి ఆ పొద్దు గోలు కొట్టింది ఎవరు?"

"నౌషీనక్క."

"ఊఁ." తల ఊపాడు. "మంచి పిల్ల." ఆ తర్వాత, "నువ్వు కొట్టింది మంగళవారంది గదా? ఎట్ల కొట్టినావో సూపించు నాకు."

వాకిట్లోకి వచ్చారు. ఆమె నన్ను పట్టుకుని వంగింది. ఆయన పక్కన వంగి, ఆమె వేళ్ల కింద, నా మెడ మీద తన చెయ్యి వేశాడు. బంతి లేదు, గోలు లేదు. ఆమె మెల్లగా, చాలా మెల్లగా, నన్ను నేల మీద ఈడుస్తూ అడుగు వేసింది. ఆయనా అడుగు వేశాడు. రెండో అడుగు, మూడో అడుగు. మణికట్టు తిప్పి పైకి విసిరింది. ఆయన చెయ్యి కూడా నాతో పాటు గాల్లోకి లేచింది.

"ఇంగొకసారి" అన్నాడు.

ఇంకోసారి. ఈసారి కళ్లు మూసుకున్నాడు.

"ఆఁ" అన్నాడు. "ఇప్పుడు కనపడ్తాంది."